అటక మీది అక్షరాల పలక

తెలుగింటి అటకకి ఒక ధర్మం వుంది. దాని మీదికి ఎక్కిన వస్తువు తనంతట తాను కిందికి దిగదు. అంచు విరిగిన పచ్చడి జాడీ, కళాయి పోయిన గుండిగ, పెద్దవాడి చిన్ననాటి వుయ్యాల గొలుసులు అన్నీ అక్కడే కాపురం పెడతాయి. "ఎప్పటికైనా పనికొస్తుందే" అన్నది వాటికి మనమిచ్చిన అభయం. ఈ పాతికేళ్ళలో వాటి సరసన కొత్త తరం పాతసామాను కూడా చేరింది. పసుపుపచ్చగా మారిన ప్లాస్టిక్కు పలక, దాని మీద వందదాకా మీటలు, వెనకాల జడలా చుట్టిన తీగ. అదే కంప్యూటరు కీబోర్డు.

దసరాకో సంక్రాంతికో ఇల్లు దులిపేటప్పుడు అది కిందికి దిగుతుంది. వీధిలో పాతసామాన్ల అబ్బాయి కేక వినపడుతుంది.

"ఏం బాబూ, దీనికెంతిస్తావు?"

"ప్లాస్టిక్కేగా అమ్మగారూ! తూకానికే."

నూటికి తొంభైసార్లు అతను చెప్పిందే సరైన ధర. తక్కిన పదిసార్ల సంగతి మాట్లాడుకోవాలనే ఈ వ్యాసం. ఎందుకంటే ఆ పదింటిలో ఒకటి డబ్బు తెచ్చిపెట్టే వస్తువు కావచ్చు, ఇంకొకటి తెలుగు భాష యంత్రంలోకి అడుగుపెట్టిన రోజుకి మిగిలిన ఒకే ఒక సాక్ష్యం కావచ్చు. తూకంలో రెండూ ఒకటే.

తిరువూరు లాంటి వూళ్లో అంత అరుదైన వస్తువులు ఎందుకుంటాయి అనుకోకండి. విజయవాడ నుంచి మైలవరం మీదుగా కొత్తగూడెం, భద్రాచలం వైపు పోయే రహదారి మీద వూరది. అవతల నాలుగడుగులు వేస్తే తెలంగాణ. ఒకప్పుడు కృష్ణా జిల్లాలో తాలూకా కేంద్రం, 1985లో మండల కేంద్రం, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో వుంది. ఆఫీసులు, బ్యాంకులు, కోర్టు కాగితాలు వున్న ప్రతి వూళ్లోలాగే ఇలాంటి వూళ్లకి కూడా ముందు టైపు మిషన్లు వచ్చాయి, తరవాత కంప్యూటర్లు వచ్చాయి. మహానగరంలో పాతవి త్వరగా పోతాయి, అక్కడ చోటు ఖరీదు. అటకలున్న వూళ్లోనే అవి బతికి బట్టకడతాయి.

ఇంతకీ ఈ మీటల పలక పుట్టిల్లు ఎక్కడో తెలుసా? కుట్టు మిషన్ల కార్ఖానా! అమెరికాలో మిల్వాకీ అనే వూళ్లో క్రిస్టఫర్ షోల్స్ అనే పత్రికలాయన, మరి ఇద్దరు మిత్రులతో కలిసి టైపు యంత్రానికి 1868లో పేటెంటు తీసుకున్నాడు. దాన్ని తయారుచేసి అమ్మే బాధ్యత రెమింగ్టన్ కంపెనీ పుచ్చుకుంది. వాళ్లు అప్పటికి తుపాకులూ కుట్టు మిషన్లూ చేసేవాళ్లు. అందుకనే 1874లో బజారులోకి వచ్చిన మొదటి టైపు మిషను అచ్చం కుట్టు మిషనులాగే వుండేది. బల్ల కింద కాలితో తొక్కే పలక, నల్లటి ఒంటి మీద రంగురంగుల పువ్వులు. వరస పూర్తికాగానే కాలితో తొక్కితే కాగితం బండి వెనక్కి వచ్చేది. అన్నీ పెద్దక్షరాలే పడేవి.

ఆ మిషను మీద అక్షరాలు పేర్చిన వరస, ఇంగ్లీషులో క్యూ డబ్ల్యూ ఇ ఆర్ టి వై అని మొదలయ్యేది, నూటయాభై యేళ్లుగా మన చేతుల కిందే వుంది. తమాషా ఏమిటంటే 'టైప్‌రైటర్' అనే ఇంగ్లీషు మాటకి కావలసిన అక్షరాలన్నీ పై వరసలోనే దొరుకుతాయి. మరో ఏడేళ్లకి, 1881లో, న్యూయార్కులోని మహిళా క్రైస్తవ సంఘం ఆడపిల్లలకి టైపు తరగతులు మొదలుపెట్టింది. ఇంటి గడప దాటి ఆఫీసు మెట్లెక్కడానికి ఆడవాళ్లకి దొరికిన దారుల్లో ఈ మీటల దారి ముఖ్యమైనది. ఇది అమెరికా కథే కాదు, మన కథ కూడా. పదో తరగతి పూర్తయి పెళ్లి సంబంధాలు కుదరని ఆ మధ్యకాలంలో "వూరికే కూర్చోకుండా టైపు నేర్చుకోవే" అన్న మాట వినని ఇల్లు మన జిల్లాల్లో ఎన్ని వుంటాయి! లోయరు, హయ్యరు అని రెండు పరీక్షలు. మీటల వంక చూడకుండా కొట్టాలి. పక్కన మేష్టారి బెత్తం చప్పుడు. ఆ రెండు కాగితాలు చేతికొచ్చాక ఎంతోమంది అమ్మాయిలకి మొదటి జీతం వచ్చింది.

మన దేశంలో టైపు మిషను మనమే తయారుచేసుకోవడం 1955లో మొదలైంది, గోద్రెజ్ కంపెనీతో. అదే కంపెనీ 2009లో తయారీ ఆపేసింది. మధ్యలోని యాభై నాలుగేళ్లలో తెలుగు మిషను కూడా వచ్చింది. ఇక్కడే అసలు చిక్కు.

ఇంగ్లీషుకి ఇరవై ఆరు అక్షరాలు. పెద్దవీ చిన్నవీ కలిపినా యాభై రెండు. మన సంగతి చూడండి. అచ్చులు, హల్లులు, వాటికి గుణింతాలు, ఆ పైన వత్తులు. 'స్త్రీ' అని ఒక్క అక్షరం రాయాలంటే పైన గుడి దీర్ఘం, కింద రెండు వత్తులు. విడివిడిగా ఒక్కోదానికి ఒక్కో మీట పెడితే యంత్రం గదంత కావాలి. మరేం చేశారు? మనం ఇంట్లో చేసేదే, చీర చినిగితే లంగాలూ జాకెట్లూ కుట్టుకున్నట్టు, అక్షరాన్ని ముక్కలు చేశారు. ఒళ్లు వేరు, గుడి వేరు, కొమ్ము వేరు, వత్తు వేరు. కొన్ని మీటలు నొక్కితే కాగితం బండి ముందుకు కదలదు. అప్పుడు వత్తు వెళ్లి అక్షరం కిందనే పడుతుంది. చూడడానికి ముగ్గులో చుక్కలు కలిపినట్టుండే పని. తెలుగు టైపు నేర్చినవాళ్ల వేళ్లకి వ్యాకరణం తెలుసు అంటే అతిశయోక్తి కాదు.

1966లో తెలుగును రాష్ట్ర అధికార భాషగా చేస్తూ చట్టం వచ్చింది. 1974లో అధికార భాషా సంఘం ఏర్పడింది. చట్టం చేయడం ఒక ఎత్తు, ఆఫీసులో వుత్తరం తెలుగులో కొట్టడం ఇంకో ఎత్తు. భాష పాలనలోకి రావాలంటే ముందు మీటల మీదికి రావాలి. పదవులవాళ్లు వుపన్యాసాలు ఇచ్చారు, నిజంగా ఆ భాషను కాగితం మీదికి ఎక్కించినవాళ్లు మాత్రం జీతం తక్కువ, పని ఎక్కువ అయిన టైపిస్టులు. వాళ్లలో ఆడవాళ్లెందరో!

ఇక కంప్యూటరు. ఇందులో మనవాళ్ల పాత్ర చిన్నదేమీ కాదు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన డాక్టరు అయ్యగారి సాంబశివరావు గారు తొలి సారథిగా 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. ఏర్పడింది. ఏ.ఎస్.రావు నగర్ అన్న పేరు ఆయనదే. ఆ సంస్థ టి.డి.సి. 12 మొదలు 312, 316 అంటూ కంప్యూటర్లు తయారుచేసింది. ఆ కాలపు చిన్న కంప్యూటర్లకి ఇప్పటిలాంటి పలక కాదు, తంతి ఆఫీసు టెలిప్రింటరు లాంటి బరువైన యంత్రమే నోరూ చెవీ కూడా. 1981లో ఐ.బి.ఎం. కంపెనీ బల్ల మీద పట్టే పర్సనల్ కంప్యూటరు తెచ్చాక విడి కీబోర్డుల కాలం మొదలైంది. 1984లో రంగరాజన్ కమిటీ నివేదిక వచ్చాక బ్యాంకుల్లో లెడ్జరు లెక్కల యంత్రాలు దిగాయి. అలా చిన్న వూళ్లకి కూడా ఈ పలకలు చేరాయి.

కంప్యూటరుకి మన లిపులు నేర్పే పని కాన్పూరు ఐ.ఐ.టి.లో సాగింది. 1983లో దేవనాగరి కంప్యూటరు నమూనా చూపించారు. తరవాత ఆ పని పుణెలోని సీ-డాక్ సంస్థ చేతికి వచ్చింది. 'జిస్ట్' అనే కార్డు ఒకటి కంప్యూటరు లోపల బిగిస్తే తెరమీద తెలుగు కనిపించేది. దానికి తగ్గట్టు మీటల వరస కూడా కావాలిగా! 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 'ఇన్‌స్క్రిప్ట్' అనే వరస ఖరారు చేసింది. దీని గొప్ప ఏమిటంటే దేశంలోని లిపులన్నిటికీ ఒకటే చోటు. హిందీ 'క' ఏ మీట మీద వుందో తెలుగు 'క' కూడా దాని మీదే. ఎడమచేతికి అచ్చులు, గుణింతాలు. కుడిచేతికి హల్లులు. ముక్కలు అతికే పని యంత్రానిదే. 'అక్క' అని కొట్టాలంటే వత్తుకి వేరే మీట వెతుక్కోనక్కరలేదు. క, పొల్లు, మళ్లీ క అని కొడితే వత్తు తనంతట తాను కిందికి దిగుతుంది. 'తిరువూరు' అని కొట్టి చూడండి. త, గుడి, ర, కొమ్ము, వ, కొమ్ము దీర్ఘం, ర, కొమ్ము. ఎనిమిది మీటలు. బళ్లో పంతులమ్మ చెప్పించిన వరస కూడా ఇదే కదా!

సరే, అటక మీద నుంచి దింపిన పలక ఇప్పుడు మీ ముందు వుంది. దాని జాతకం చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కరలేదు. నగ కొనేటప్పుడు చూసే పద్ధతే. వెనక ముద్ర, బరువు, నునుపు, పనితనం.

ముందు తిరగేసి వీపు చూడండి. చీటీ అంటించి వుంటుంది. కంపెనీ పేరు, నంబరు, కొన్నిటికి పుట్టిన తేదీ కూడా. ఆ చీటీని తడిగుడ్డతో తుడిచేస్తే పట్టా పోయిన పొలమే అవుతుంది.

తరవాత తీగ కొస చూడండి. బొటనవేలంత గుండ్రటి పిన్ను, లోపల అయిదు ముళ్లు వుంటే అది 1981 తరవాత వచ్చిన తొలికాలపు పద్ధతి. చిన్న గుండ్రటి పిన్ను, ఆరు ముళ్లు వుంటే 1987లో మొదలైన పద్ధతి. బల్లపరుపు యూఎస్‌బీ అయితే 1996 తరవాతది. టెలిఫోను తీగ కొస లాంటిది వున్నా, ఇంకెక్కడా చూడని పిన్ను వున్నా ఒక్క క్షణం ఆగండి. అది ఏ ఆఫీసు టెర్మినల్‌దో, ప్రత్యేకమైన యంత్రానిదో కావచ్చు.

మూడోది మీటల లెక్క. ఐ.బి.ఎం. తొలి పలకకి 83 మీటలు. ఎఫ్ 1, ఎఫ్ 2 అనే మీటలు ఎడమపక్క రెండు నిలువు వరసల్లో వుంటాయి. 1984 నాటి ఏ.టి. పలకకి 84. ఆ తరవాత 101, ఎఫ్ మీటలు పైకెక్కాయి. విండోస్ కిటికీ గుర్తు మీట 1994 తరవాతిది. రూపాయి కొత్త గుర్తు వుంటే 2010కి ముందుది కానే కాదు, ఆ గుర్తు పుట్టిందే ఆ యేడు.

నాలుగోది చప్పుడు. చాలా పలకలు నొక్కితే రబ్బరు మీద వేలు పెట్టినట్టు మెత్తగా అణుగుతాయి. లోపల నిజంగానే రబ్బరు బుడిపెలు. ఇవి తూకం సరుకు. 'టక్ టక్' మని టైపు మిషనులా పలికితే మీట పైతొడుగు ఒకటి నెమ్మదిగా పైకి లాగి చూడండి. లోపల సన్నటి స్ప్రింగు కనపడితే ఐ.బి.ఎం. వాళ్లది కావచ్చు. నీలంరంగు కాడ వుంటే జర్మనీ చెర్రీ కంపెనీ మీట. మన మద్రాసు టీవీఎస్ వాళ్ల 'గోల్డ్' కీబోర్డులో వుండేది అదే. డీటీపీ పనివాళ్లకి అదంటే ప్రాణం. లోపల మీటమీటకీ చిన్న అయస్కాంతం వుంటే అది 1968లో అమెరికాలో హనీవెల్ కంపెనీ మొదలుపెట్టిన ఖరీదైన రకం కావచ్చు. ఇక లోపల స్పాంజి బిళ్లలుండి, పొడిపొడిగా రాలుతుంటే అది చచ్చిపోయినట్టు కాదు. స్పాంజి వయసు అంతే. మార్చేవాళ్లు మారుస్తారు.

అయిదోది అక్షరం. తొడుగు తిరగేసి అడుగుభాగం చూస్తే రెండు రంగుల ప్లాస్టిక్కు కనపడిందా? అక్షరాన్ని ఒక రంగులో, తొడుగును ఇంకో రంగులో పోతపోసి కలిపారన్నమాట. అది ఎన్నేళ్లు కొట్టినా చెరగదు. పైన అచ్చేసింది అరుగుతుంది. అంటించిన కాగితం లేస్తుంది. ఆ అక్షరాలు తెలుగువి అయితే మాత్రం కుర్చీ వేసుకుని కూర్చోండి. ఇంగ్లీషు 'కె' మీట మీద 'క', 'డి' మీట మీద పొల్లు వుంటే అది ఇన్‌స్క్రిప్ట్. అలా కాకుండా వత్తులు విడివిడిగా వుంటే పాత టైపు మిషను వరసనో, డీటీపీ సాఫ్ట్‌వేరు వరసనో అనుసరించింది.

ఇప్పుడు ధర. ఇక్కడ నగల కొట్టు సామెత పనికిరాదు. పాతది కాబట్టి ఖరీదైనది అనుకోవడం మొదటి భ్రమ. బరువుగా వుంది కాబట్టి గొప్పది అనుకోవడం రెండోది. ఐ.బి.ఎం. 1985లో తెచ్చిన 'మోడల్ ఎం' పలక రెండు కిలోలకి పైనే తూగుతుంది. మోజున్నవాళ్లకి దాని చప్పుడు వీణ. అయినా లక్షల సంఖ్యలో తయారైంది కాబట్టి సాధారణమైనదానికి ఆకాశమంత ధర పలకదు. దాన్ని విదేశానికి పంపే ఖర్చే కొంత తినేస్తుంది. మరోవైపు 1978 ప్రాంతంలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో చేసిన 'స్పేస్ కేడెట్' అనే పలక వుంది. నూరు మీటలు, గ్రీకు అక్షరాలు, బొటనవేలు పైకెత్తిన గుర్తు, కిందికి దించిన గుర్తు కూడా. ఈనాడు ఫోనులో మనం నొక్కే 'బాగుంది' బొమ్మకి ముత్తవ్వలాంటిది. అవి కొద్దిగానే తయారయ్యాయి. అందుకే అది దొరికితే వేల డాలర్లు.

కాబట్టి లెక్క ఇది. ఎన్ని తయారయ్యాయి, ఎన్ని మిగిలాయి, ఎందరికి కావాలి. తరవాత మీటలన్నీ వున్నాయా, తీగ కోసేశారా, చీటీ వుందా, పనిచేస్తుందా. ఒక్క పొడుగు మీట పోయినా విలువ సగం దిగజారవచ్చు. ఇంకో మాట. ఎవరో ఇంత అడిగారని విని మురిసిపోకండి. అడిగిన ధర వేరు, అమ్ముడైన ధర వేరు. పెళ్లిసంబంధాల్లో మనకి తెలియని సంగతా ఇది! రంగు పసుపెక్కిందని మందులు పూసి తెల్లగా చేయబోకండి. పాత ఇత్తడిని ఇటుకపొడితో తోమి మురిసిపోవడానికి ఇది చెంబు కాదు.

ఈ లెక్కలో మన తెలుగు అక్షరాల పలక ఎక్కడ నిలుస్తుంది? ఎన్ని తయారయ్యాయి? కొద్దిగానే. ఎన్ని మిగిలాయి? ఇంకా కొద్ది. ఎందరికి కావాలి? ఇక్కడే మన గుండె కలుక్కుమంటుంది. మోజుతో కొనే విదేశీయుడికి తెలుగు రాదు. తెలుగు వచ్చిన మనకి అది పాతసామాను. అరుదైనదే అయినా అడిగేవాడు లేక అది తూకానికి పోతోంది. అచ్చయిన పుస్తకాన్ని గ్రంథాలయం దాస్తుంది. ఆ పుస్తకాన్ని కంపోజు చేసిన మీటల్ని దాచేదెవరు? ముంబయిలో గోద్రెజ్ వాళ్లు తమ పాత మిషన్లూ కాగితాలూ ఒక భండారంలో భద్రం చేసుకున్నారు. మన తెలుగు మీటలకి ఇప్పటికి వున్న భండారం మన అటకలే.

దానికి పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. ముందు దుమ్ము మెత్తటి కుంచెతో దులపండి. నీళ్లు తగలనీయకండి. వెనక చీటీ, తీగ కొస, మీటల వరస కనపడేలా మూడు ఫొటోలు తీయించండి. ఆ తరవాత పిల్లల నోటుపుస్తకంలో ఒక కాగితం చింపి రాయండి. ఇది ఏ సంవత్సరంలో, ఎక్కడ కొన్నది, దీనిమీద ఎవరు పనిచేశారు, ఏం కొట్టారు. పెళ్లి శుభలేఖలా, కోర్టు దావాలా, బ్యాంకు లెక్కలా? పిన్నిగారు కొట్టి వుంటే పిన్నిగారి పేరు రాయండి. వదినగారికి ఆ పలక మీద వచ్చిన మొదటి జీతం ఎంతో అడిగి అదీ రాయండి. పాత వస్తువులు సేకరించేవాళ్లు దేనికి ఎక్కువ ఇస్తారంటే ఇలాంటి కాగితం తోడున్నదానికే. అమ్మినా అమ్మకపోయినా ఆ కాగితం మీ ఇంటిది.

మీరు రాసే ఆ నాలుగు వరసలు ప్లాస్టిక్కు సంచిలో పెట్టి, తీగతోపాటు పలకకి కట్టి, మళ్లీ అటక ఎక్కించండి. ఈసారి "ఎప్పటికైనా పనికొస్తుందే" అన్న మాట నిజంగానే నిజమవుతుంది. పాతసామాన్ల అబ్బాయికి పాపం, ఇంకేదైనా చూసి ఇవ్వండి. అంచు విరిగిన జాడీ వుండనే వుందిగా!